గలగలకు గుడి పెడితే గిలగిల

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా బాబుకు ఐదేళ్ళు నిండాయి. ఇంగ్లీషు మీడియం బడిలో యూకేజీ చదువుతున్నాడు. తెలుగు అక్షరాలన్నీ వరసగా గడగడా చెప్తాడు కానీ, మధ్యలో ఒక అక్షరం చూపించి ఇదేమిటంటే మళ్ళీ 'అ' దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా లెక్కపెట్టుకుంటూ వస్తాడు. వాడికి బొమ్మల పుస్తకాలంటే ప్రాణం. అందులోనూ 'ధబ్', 'తుర్', 'కిచకిచ' లాంటి చప్పుళ్ళు నిండిన పుస్తకాలు రోజుకు నాలుగుసార్లు చదివించుకుంటాడు. ఇప్పుడు వాటిని పూర్తిగా కంఠస్థం చేసేశాడు. పుస్తకం చూడకుండానే పేజీలు తిప్పుతూ 'చదువుతాడు'. మా అత్తగారు ఇది చదువు కాదు, అర్థం లేని కూతలు, పలక మీద దిద్దిస్తేనే చదువు వస్తుందంటారు. బొత్తాం నొక్కితే జంతువుల అరుపులు వినిపించే పుస్తకం ఒకటి కొన్నాం. నెల తిరక్కుండానే దాని బ్యాటరీ అయిపోయింది. ఇప్పుడు బొత్తాం నొక్కి వాడే అరుస్తున్నాడు. 'ర' సరిగా పలకడు, 'తుర్రు' అనమంటే 'తుల్లు' అంటాడు. ఈ పుస్తకాల వల్ల చదవడం వస్తుందా, లేక కాలం వృథా చేస్తున్నామా? ఎలాంటివి కొనాలి?

సమాధానం:

అమ్మా,

ముందు మీ అత్తగారి మాటతో మొదలుపెడతాను. ఆవిడ అన్నదాంట్లో ఒక పెద్ద నిజం ఉంది. అది ఈ పుస్తకాలకు వ్యతిరేకం కాదు, అనుకూలం.

పలక మీద దిద్దించాలంటున్నారు కదా. ఆవిడ చిన్నప్పుడు ఎలా దిద్దారో ఒకసారి అడగండి. చప్పుడు చేయకుండా దిద్దారా? మన దగ్గర అక్షరాభ్యాసం అంటేనే ఒక పెద్ద చప్పుడు. ఓనమాలు అనే మాట 'ఓం నమః శివాయ' నుంచి వచ్చింది. పళ్ళెంలో బియ్యం మీదనో, వీధిబడి ఇసుకలోనో వేలితో దిద్దుతూ, దిద్దుతున్నదాన్ని గొంతెత్తి పలికేవారు. వేలు, నోరు, చెవి మూడూ ఒకేసారి పనిచేసేవి. ఆ చదువులో ఉన్న బలం అదే. తర్వాత తర్వాత మనం వేలిని మాత్రం ఉంచుకుని నోటిని వదిలేశాం. ఒక్కో అక్షరం పదిసార్లు కాపీ పుస్తకంలో నిశ్శబ్దంగా రాయించడం పలక చదువు కాదు, దానిలో మిగిలిన తొక్క. మీ బాబు చప్పుళ్ళ పుస్తకం పట్టుకుని అరుస్తున్నాడంటే, మీ అత్తగారి కాలంలో ఉండి మధ్యలో పోయినదాన్ని వాడు మళ్ళీ తెచ్చుకుంటున్నాడు.

నేను విజయవాడలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకటో తరగతికి పాఠం చెప్పాను. మీ బాబులా 'అ' దగ్గర నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చే పిల్లలు ప్రతి ఏడాదీ నాకు కనిపించారు. వాళ్ళకు వర్ణమాల ఒక పాట. పాటలో మధ్య మాట అడిగితే పెద్దవాళ్ళమైనా మొదటి నుంచి పాడుకునే కదా పట్టుకుంటాం. వాళ్ళకు తెలియనిది అక్షరం కాదు. ఆ అక్షరం తనంతట తాను ఏం చేస్తుందో వాళ్ళింకా చూడలేదు, అంతే. అది చూపించడానికి తెలుగులో చప్పుళ్ళ మాటలను మించిన సాధనం నాకు దొరకలేదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

వర్ణమాల క్రమంలో వెళితే పిల్లవాడు ఒక్క మాట చదవడానికి ముందు ఋ, ౠలు దాటాలి, ఙ, ఞలు దాటాలి. జీవితంలో ఎప్పుడోగాని ఎదురుకాని అక్షరాలు అవి. దానికి బదులు ఏడు అక్షరాలు తీసుకోండి. గ, ల, క, ర, ట, ప, చ. గుణింతపు గుర్తు ఒక్కటి కూడా అక్కర్లేదు. ఈ ఏడింటితో గలగల, కలకల, కరకర, గరగర, టకటక, పకపక, చకచక, చరచర, పరపర, టపటప, పటపట అన్నీ చదవొచ్చు. ప్రతి మాటలోనూ నేర్చుకోవాల్సింది రెండక్షరాలు, చదివేది నాలుగు. రెండోసారి వచ్చిన భాగాన్ని మన వ్యాకరణం ఆమ్రేడితం అంటుంది. పిల్లవాడికి ఆ పేరు అక్కర్లేదు. 'ఇప్పుడే చదివాను, మళ్ళీ అదే వచ్చింది, నాకు వచ్చేసింది' అన్న సంతోషం చాలు. చదవడం మొదలుపెట్టిన పిల్లవాడికి మొదటి వారంలోనే ఆ సంతోషం దొరకాలి. 'అల, వల, తల' అని ముక్తసరిగా ఉన్న వాచకం పేజీ ఆ పని అంత తొందరగా చేయదు.

ఇంకొక సంగతి. ఇంగ్లీషు అక్షరం పేరు ఒకటి, అది పలికే ధ్వని ఇంకొకటి. మీ బాబు బడిలో ఈ రెండూ వేర్వేరుగా నేర్చుకుంటున్నాడు. తెలుగులో ఆ బెడద లేదు. 'క' పేరూ 'క'నే, పలికేదీ 'క'నే. మన లిపి పిల్లలకు ఇచ్చిన వరం ఇది. దానికి తగ్గ భారమూ ఉంది. ముప్ఫైకి పైగా హల్లులు, ఒక్కోదానికి కనీసం పన్నెండు గుణింతపు రూపాలు వేసుకున్నా, నాలుగు వందలు దాటుతాయి. వత్తులు కాక. అందుకే తెలుగు చదవడం పట్టుబడడానికి ఇంగ్లీషు అక్షరాలకంటే ఎక్కువ కాలం పడితే కంగారుపడకూడదు.

ఆ నాలుగు వందల రూపాలను పట్టికలా వల్లె వేయించవచ్చు. క కా కి కీ అని. వల్లె వేయడం తప్పు కాదు, దానికీ ఒక లయ ఉంది. కానీ గుడి ఎందుకు పెడతారో, పెడితే ఏం మారుతుందో ఆ పట్టికలో తెలియదు. ఈ జంటలు చూడండి. గలగలకు గుడి పెడితే గిలగిల. గలగలమనేవి గాజులు, గిలగిల కొట్టుకునేది ఒడ్డున పడ్డ చేప. కలకలలాడేది చుట్టాలొచ్చిన ఇల్లు, కిలకిల నవ్వేది పాపాయి. ఎండకు మలమల మాడతాం, చుక్కలు మిలమిల మెరుస్తాయి. గొంతు గరగర, బొంగరం గిరగిర. వలవల ఏడుస్తాం, నొప్పికి విలవిలలాడతాం. ప్రతి జంటలోనూ మారింది గుడి ఒక్కటే. కొమ్ము కావాలా? చరచర నడిచిన మనిషి వెనక్కి తిరిగి చురచుర చూశాడు. ఒత్వం కావాలా? కరకర నమిలే పిల్లవాణ్ణి అన్న కొరకొర చూశాడు. అక్షరం నెత్తిన చిన్న గుర్తు మారితే గాజులు చేపగా మారిపోతాయని కనిపెట్టిన పిల్లవాడు ఆ గుర్తును ఇక మర్చిపోడు. నేను గుణింతాన్ని ఇలా చెప్పడం మొదలుపెట్టాక గుడికీ గుడిదీర్ఘానికీ ఏడ్చే పిల్లలు నా తరగతిలో బాగా తగ్గారు.

మీరున్నది గుంటూరు కాబట్టి గలగలను చేతికే ఇవ్వొచ్చు. బాగా ఎండిన మిరపకాయను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. సరిగా ఎండని కాయ ఊరుకుంటుంది. ఆ కాయను మీ అత్తగారి చేతిలోనే ఉంచండి, బాబు చెవి మాత్రం దగ్గర పెట్టాలి. ఆ వెంటనే కాగితం మీద గలగల అని పెద్దగా రాసి చూపించండి. వింటున్న చప్పుడూ చూస్తున్న అక్షరమూ ఒకటేనన్న మెలకువ పిల్లల ముఖంలో కనిపించే క్షణం ఒకటుంటుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను దాచుకున్నవి ఆ క్షణాలే.

వత్తుల సంగతి ఇంకా బాగుంటుంది. చాలా వత్తులు తలకట్టు తీసేసిన అదే అక్షరంలా ఉంటాయి. చూస్తే పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల, వ, ఈ ఏడింటి వత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. పిల్లలు తట్టుకుని పడేది వీటి దగ్గరే. ఇప్పుడు చప్పుళ్ళ మాటలు తీయండి. పిట్ట తుర్రుమంది, ర వత్తు. గజ్జెలు ఘల్లుమన్నాయి, ల వత్తు. గాలిపటం రివ్వున లేచింది, వ వత్తు. స్కూటర్ రయ్యిన పోయింది, య వత్తు. తుమ్మెద ఝుమ్మంది, మ వత్తు. ఏడింట్లో ఐదు చప్పుళ్ళలోనే ఉన్నాయి. మిగిలిన రెండింటికి ఇంట్లోవాళ్ళనే పిలవండి, అత్తా నాన్నా ఉండనే ఉన్నారు. వత్తు ఉన్నచోట నోరు ఒక క్షణం ఆగి, నొక్కి, వదులుతుంది. 'తురు' అని, వెంటనే 'తుర్రు' అని చూడండి. ఆ నొక్కుడే కాగితం మీద వత్తుగా కూర్చుంది. చప్పుడు మాటలో అది ఎంత బిగ్గరగా వినిపిస్తుందంటే పిల్లవాడికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

మా బడిలో ఒక ఆటో డ్రైవరు గారి అబ్బాయి ఉండేవాడు. ఏడాది సగమైనా ఒక్క మాట చదవలేదు. బోర్డు వైపు చూడడానికే భయపడేవాడు. ఒకరోజు అందరినీ మీ నాన్న బండి ఏమంటుందో చెప్పమని అడిగాను. వాడు మొదటిసారి లేచి నిలబడి 'డుర్రు డుర్రు డుర్రు' అన్నాడు. వాడు అన్నది అన్నట్టే బోర్డు మీద రాశాను. వాడు దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. వాడి నోట్లోంచి వచ్చింది వాడి కళ్ళముందు తెల్లగా బోర్డు మీద ఉంది. మధ్యాహ్నం భోజనాల గంటకు వెళ్తూ దాన్ని తనంతట తాను చదివి వెళ్ళాడు. మర్నాడు 'ర్రు'లో ఉన్న వత్తును చూపించి అది ఇంకెక్కడుందో వెతకమన్నాను. కర్ర, బుర్ర, గొర్రె, ఎర్ర దొరికాయి. ఆ తర్వాత వాడు ఆగలేదు.

ఇక మీ అసలు భయం, కంఠస్థం. కళ్ళు ఎటో ఉంటాయి, నోరు మాత్రం పుస్తకం చెప్తూ ఉంటుంది. ఇది మోసం కాదు, చదవడానికి ముందు మెట్టు. పుస్తకంలో మాట ప్రతిసారీ ఒకేలా ఉంటుందనీ, ఈ పేజీలో ఈ మాటే ఉంటుందనీ వాడికి తెలిసింది. నోటికి వచ్చిన పుస్తకమే చదవడం నేర్పడానికి అన్నిటికంటే పనికొచ్చే పుస్తకం. ఎందుకంటే ఏం రాసి ఉందో వాడికి ముందే తెలుసు. ఎక్కడ రాసి ఉందో మాత్రమే తెలియాలి. కాబట్టి కొత్త పుస్తకం కోసం పరిగెత్తకండి. పాతదాన్నే తీసి, చప్పుడు మాట వచ్చిన చోట వాడి వేలు పట్టుకుని అక్షరం అక్షరం మీద ఆన్చండి. గ-ల-గ-ల, నాలుగు తట్లు. మిగతా వాక్యం మీరే చదవండి, దానికి వేలు అక్కర్లేదు. వారం పది రోజులయ్యాక మీరు వాక్యం చదివి చప్పుడు మాట ముందు ఆగండి. వాడు చెప్తాడు. అది ఈ పేజీలో ఎక్కడుందో చూపించమనండి. ఇంకో వారానికి ఒక చిలిపి పని చేయండి. గలగల ఉన్నచోట చిన్న కాగితం అంటించి గిలగిల అని రాయండి. వాడు అలవాటు కొద్దీ గలగల అనేస్తాడు. మీరు ఏమీ అనకుండా ఆ కాగితాన్నే చూస్తూ ఉండండి. వాడు తల వంచి రెండోసారి చూసి, తప్పు పట్టుకుని నవ్వాడంటే చదివాడన్నమాట. పట్టుకోలేదా, కాగితం తీసేసి కథలో ముందుకు వెళ్ళిపోండి. నెల తర్వాత మళ్ళీ చూడొచ్చు. పరీక్ష పెడుతున్నారని వాడికి తెలిసిన రోజున ఆ పుస్తకం మీద ప్రేమ పోతుంది. అది పోతే తిరిగి తేవడం చాలా కష్టం.

పుస్తకం ఎంచుకోవడం గురించి అడిగారు. కొట్లో నిలబడి ఒక పేజీ పైకి చదవండి. సిగ్గుపడకండి. మీ నోరు తడబడితే వెనక్కి పెట్టేయండి. చప్పుడు తీసేసినా కథ నడిచిపోయే పుస్తకంలో అది ఉత్త అలంకారం. చప్పుడు వల్లే ఏదో జరగాలి. ధబ్బుమంటే పిల్లి లేవాలి, పిల్లి లేస్తే పాలగిన్నె దొర్లాలి. అలాంటి పుస్తకంలో పిల్లవాడు తర్వాతి చప్పుడు కోసం ఊపిరి బిగపట్టి పేజీ తిప్పుతాడు. చప్పుడు మాటను వంకరటింకరగా, బొమ్మలో కలిసిపోయేలా రాసిన పుస్తకాలు చూడముచ్చటగా ఉంటాయి కానీ, అదే మాట మామూలు అచ్చులో కూడా ఒకసారి ఉంటేనే ఇప్పుడే నేర్చుకుంటున్న కంటికి పనికొస్తుంది. మన అక్షరాల్లో ప, వల మధ్య తేడా తలకట్టు అంటుకుందా లేదా అన్నంత సన్నది. మ, యలు పిల్లలను ఏళ్ళ తరబడి తికమక పెడతాయి. వాటిని వంచి మెలితిప్పితే పాపం వాడేం పోల్చుకుంటాడు?

అనువాదాల విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను. బొమ్మలు ఏ దేశానివైనా పర్వాలేదు, చప్పుళ్ళు తెలుగువి కావాలి. నీళ్ళలో రాయి పడితే 'స్ప్లాష్' అనీ, తలుపు వేస్తే 'బ్యాంగ్' అనీ తెలుగు అక్షరాల్లో అచ్చేసిన పుస్తకాలు చాలా వస్తున్నాయి. కోడి ఇంగ్లీషులో ఒకలా కూస్తుంది, తెలుగులో కొక్కొరొకో అంటుంది. ప్రతి భాషకూ తన చెవి ఉంది. మన చెవికి రాయి బుడుంగున మునుగుతుంది, తలుపు దభీమంటుంది. ఆ మాటలు తెలిసిన పిల్లవాడికే అక్షరాలు కూడగట్టుకున్నాక 'ఓహో ఇదా' అనిపిస్తుంది. 'స్ప్లాష్' దగ్గర అక్షరాలన్నీ చదివినా ఏమీ మోగదు. పైగా మొదటి అక్షరంలోనే ప వత్తూ ల వత్తూ ఒకదాని కింద ఒకటి.

మనవాళ్ళు రాసే పుస్తకాల్లోనూ ఒక అలవాటు ఉంది. రైలు ఇప్పటికీ చుక్‌చుక్ అంటూనే ఉంటుంది. ఆవిరి ఇంజన్లు పోయి ఎంతకాలమైంది! మీరు గుంటూరు నుంచి విజయవాడ రైల్లో వచ్చేటప్పుడు బాబును కిటికీ పక్కన కూర్చోబెట్టండి. కృష్ణ వంతెన ఎక్కగానే చప్పుడు మారిపోతుంది. ధడధడ ధడధడ. వాడిని వినమని, ఏమంటోందో చెప్పమని అడగండి. ఇంటికి వెళ్ళాక గుండె దడదడ, రైలు ధడధడ అని రెండూ రాసి చూపించండి. అల్పప్రాణం, మహాప్రాణం అన్న పేర్లు పదేళ్ళ తర్వాత తెలుసుకుంటాడు. ఇప్పుడు అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని 'బౌ' అని ఒకసారి, 'భౌ' అని ఒకసారి అనమనండి. భౌ దగ్గర చేతికి గాలి ఎక్కువ తగులుతుంది. కుక్క బొమ్మ కింద 'బ'కు బదులు 'భ' ఎందుకుందో ఆ గాలే చెప్తుంది.

ఎక్కడ దొరుకుతాయో క్లుప్తంగా. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, చెన్నైలోని తూలిక, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్, ఇవన్నీ తెలుగులో చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ వారు 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. స్థాయిల వారీగా ఉంటాయి, మీకు మొదటి స్థాయి చాలు. ఫోనులో కాకుండా కాగితం మీద అచ్చు తీయించండి, వేలు ఆన్చాలి కదా. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి బాబును వెంటబెట్టుకుని వస్తే అన్నిటినీ ఒక్కచోట పైకి చదివి చూసుకోవచ్చు, వంతెన చప్పుడూ కలిసొస్తుంది. నా చిన్నతనంలో మాస్కోలో అచ్చయిన తెలుగు బొమ్మల పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల కొట్లో కారుచౌకగా దొరికేవి. వాటి పెద్ద పెద్ద పేజీల మీద బోర్లా పడుకుని నేను చదవడం నేర్చుకున్నాను. అందుకే పుస్తకం అందంగా ఉండడం కూడా నాకు ముఖ్యమే.

కానీ అన్నిటికంటే మంచి చప్పుళ్ళ పుస్తకం మీ వంటింట్లో ఉంది. దాన్ని తయారు చేయాల్సింది మీ అత్తగారే. ఆరు కాగితాలు మధ్యకు మడిచి దారంతో కుట్టండి. పేజీకి ఒక చప్పుడు. ఎసరు ఏమంటుంది? సలసల. పప్పు? కుతకుత. తాలింపు? చిటపట. అట్టు పోస్తే? చుయ్యి. అప్పడం విరిస్తే? కరకర. అన్నం గబగబ తినేదెవరు? ఆ పేజీలో వాడి బొమ్మ. ఈ మాటలు ఆవిడ నాలుక మీద ఉన్నన్ని నా దగ్గర లేవు, ఏ పుస్తకంలోనూ లేవు. అర్థం లేని కూతలన్న ఆవిడే రోజుకు వంద వాడుతూ ఉంటారు. బొమ్మలు బాబు వేయాలి, మాటలు ఆవిడ చెప్పాలి, వాడు చూస్తుండగా మీరు రాయాలి. రాసేటప్పుడు ఒక్కో అక్షరం పైకి పలుకుతూ రాయండి. పిల్లవాడు ఏదైనా చప్పుడును తనే కల్పిస్తే, కుక్కర్ 'ట్టుస్సూఊ' అందంటే, అది మాట కాదని దిద్దకండి. అన్నది అన్నట్టే రాయండి. నోరు పలికినదాన్ని పలికినట్టు పట్టుకునే లిపి మనది. ఆవిడకు ఓపిక ఉంటే పక్కన పలక కూడా పెట్టమనండి. కుతకుత అంటూ 'కు' దిద్దిస్తే అది ఆవిడ కోరిన చదువే.

'ర' గురించి. ఐదేళ్ళకు 'తుల్లు' అనడం అరుదేమీ కాదు. చాలామంది పిల్లల్లో ర ఆలస్యంగా కుదురుకుంటుంది. మళ్ళీ మళ్ళీ అనమని పట్టుబట్టకండి. నలుగురి ముందు అనిపించి నవ్వడం అసలు వద్దు. వాడు 'పిట్ట తుల్లుమంది' అంటే మీరు సంతోషంగా 'అవును, పిట్ట తుర్రుమంది' అని ముందుకు సాగిపోండి. సరైన ధ్వని వాడి చెవిలో పడితే చాలు. అయితే ర ఒక్కటే కాక మాటలు చాలావరకు బయటివాళ్ళకు అర్థం కాకపోయినా, వెనక నుంచి మెల్లగా పిలిస్తే పలకకపోయినా, తరచూ జలుబు చేసి చెవిపోటు వస్తున్నా ఆలస్యం చేయకుండా చెవి డాక్టరుకు చూపించండి. చప్పుళ్ళతో చదువు నేర్పాలంటే ముందు చెవి బాగుండాలి.

ఎంతకాలం పడుతుందని మీరు అడగలేదు కానీ, ఉత్తరమంతా ఆ ప్రశ్నే ఉంది. వాడికి ఐదేళ్ళు. 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా పిల్లలు అర్థం చేసుకుంటూ చదవగలగాలని పెట్టుకున్న గడువు మూడో తరగతి ముగిసేనాటికి. మీకు చేతినిండా సమయం ఉంది. రోజుకు పావుగంట చాలు. వాడు ఇంకా కావాలంటుండగానే పుస్తకం మూసేయండి.

బొత్తాల పుస్తకం సంగతి ఆఖరికి ఉంచాను. బ్యాటరీ ఉన్నన్నాళ్ళూ పుస్తకం అరిచింది, బాబు విన్నాడు. ఇప్పుడు వాడు ఆవు బొమ్మ మీద నొక్కి తనే అంబా అంటున్నాడు. దయచేసి కొత్త బ్యాటరీ వేయకండి. ప్రతి బొత్తాం పక్కనా చిన్న కాగితం అంటించి ఆ చప్పుడును పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. అంబా, భౌభౌ, కావుకావు, కిచకిచ. కొన్నాళ్ళకు వాడి వేలు బొత్తాం వదిలి అక్షరాల మీదకు జరుగుతుంది. అది ఏ రోజు జరిగిందో నాకు ఒక కార్డు రాయండి.